ఆదెన్న గాడి మిషను

నా నోట అబద్ధం రాదు. కణేకల్ చుట్టుపక్కల ఎవరినైనా అడగండి. అరవై రెండులో వడ్రంగి ఆదెన్నకూ, కరెంటుతో చెక్కలో గాడి కోసే మిషనుకూ జరిగిన యుద్ధం నేను కళ్ళారా చూశాను.

"పాడి ఎనుమును అమ్మి ఈ దయ్యాన్ని తెచ్చినావా?" అంటోంది భార్య ఓబమ్మ. "చేతులుండాయి, ఉలి ఉండాది. ఇంకేం కావల్లయ్యా నీకు?"

"బళ్ళారిలో అందరూ దీంతోనే చేస్తాండారు. ఊరుకో!"

తెల్లారితే నారాయణప్ప కొత్త ఇంటికి ద్వారబంధం నిలబెట్టాలి. రెండు నిలువు చెక్కల్లోనూ తిన్నగా ఒక్కో గాడి తీయాలి. కరువుకు ఎండగా మిగిలిన ఒక్క వేపమానూ కొట్టి కోయించిన చెక్కలు. చెడితే ఇంకోటి దొరకదు.

ఆదెన్న అలవాటు కొద్దీ చెక్కను నేల మీద పరిచి, గొంతుక్కూర్చుని, కాలివేళ్ళతో అదిమి పట్టాడు. మిషనును చెక్క మీద ఆనించి మీట నొక్కాడు.

మిషను ఒక్క అరుపు అరిచి, ముకుతాడు తెగిన కోడెలా లంఘించింది. ఎడమకు లాగితే కుడికి పోయింది. చెక్క గిర్రున తిరిగింది. చెక్కతోపాటు ఆదెన్నా తిరిగాడు.

"ఆపయ్యా!"

"అది ఆగితే కదే! వైరు పీకు!"

ఓబమ్మ వైరు పీకేసి, చెక్క మీద దుమ్ము ఊదింది.

"గీత గియ్యమంటే హగరి ఏరును గీసినావు కదయ్యా!"

అంతలో నారాయణప్ప రానే వచ్చాడు. వంగి, వంకరల వెంట వేలు పోనిచ్చాడు.

"ఏమప్పా ఆదెన్నా, ఇదేంది?"

ఆదెన్న ఓబమ్మ వైపు చూశాడు.

"తీగె డిజైను అన్నా," అంది ఓబమ్మ. "బళ్ళారిలో ఇప్పుడు ఇదే ఫ్యాషను."

నారాయణప్ప చెక్కను అటూ ఇటూ తిప్పి చూశాడు. మీసం దువ్వాడు.

"బాగుండాది. రెండోదాని మీద గూడా అచ్చం ఇట్లే రావల్ల. వెంట్రుకవాసి తేడా వచ్చిందంటే ఊరుకునేది లేదు."

ఆయన వెళ్ళిపోయాడు. ఆదెన్న తల పట్టుకుని కూలబడ్డాడు.

"ఇట్లే అంట! ఎట్లొచ్చిందో నాకు తెలిస్తే కదే!"

ఓబమ్మ రెండో చెక్క తెచ్చి అతని ముందు పడేసింది.

"కూర్చో. మళ్ళీ తిరుగు."

ఇదంతా నిజమే. నేను కలిపింది ఒక్క కరెంటు మాత్రమే. మా ఊరికి అది మరుసటి ఏడాది గానీ రాలేదు. అందాకా మిషను పెట్టెలోనే ఉంది. ఆ వంకరలన్నీ ఆదెన్న చేతి ఉలివే.