దగ్గరి కారణం

గోవర్ధన్ కాలు విరగడానికి శ్రీహరిరావు ఏడుపే కారణమని యాకుత్‌పురాలోని ఆ గల్లీ మొత్తం తేల్చేసింది.

అతను ఏడ్చిన మాట నిజం. ఎదురింటి పాలవ్యాపారి గోవర్ధన్ కొత్త మోటార్ సైకిల్ కొన్న రోజు శ్రీహరిరావుకి అన్నం సహించలేదు. 1997లో ఆ గల్లీకి అదే మొదటి బండి. తనది సర్కారు ఆఫీసులో పదిహేనేళ్ల సర్వీసు, ఇప్పటికీ సిటీబస్సే.

పైగా అమావాస్య సాయంత్రం గోవర్ధన్ తల్లి శారదమ్మ, బండికి దిష్టి తీసి గుమ్మడికాయ కొట్టింది. బండికంటే దానికే శ్రీహరిరావుకి ఎక్కువ మండింది. వాడి మీద ఏడ్చేవాళ్లున్నారు. తన మీద ఏడవడానికి ఒక్కడూ లేడు.

మర్నాడు తెల్లారగట్ల పాలకు బయల్దేరిన గోవర్ధన్ గుమ్మడికాయ ముక్కల మీద జారి పడ్డాడు. ఇప్పుడు ఆస్పత్రిలో యాపిల్స్ తింటున్నాడు. శ్రీహరిరావు చూసొచ్చాడు, ఎనిమిది యాపిల్స్. తనకు టైఫాయిడ్ వచ్చినప్పుడు రెండు బత్తాయిలు.

హెడ్ కానిస్టేబుల్ రాజన్న విచారణకొచ్చాడు. సాయంకాలం లా కాలేజీలో చదువుతున్నాడు కాబట్టి కుర్చీ అడిగి మరీ కూర్చున్నాడు.

"గీ సారు కండ్లే తగిలినయ్ రాజన్నా, కేసు రాయి" అంది శారదమ్మ.

శ్రీహరిరావు రెండడుగులు ముందుకొచ్చాడు. కేసంటే సస్పెన్షన్. "ఏడవడం నేరమా రాజన్నగారూ?"

"సారు ఏడ్వకపోతే నువ్వు గుమ్మడికాయ కొట్టకపోతుంటివి. కొట్టకపోతే కాలు ఇరగకపోతుండె. గంతవరకు నిజమే శారదమ్మా" అన్నాడు రాజన్న. "గట్ల వెనకకు పోతే బండి అమ్మినోని మీద, కొడుకును కన్నందుకు నీ మీద గూడ రాయాలె. కోర్టు దగ్గరి కారణం చూస్తది. నడి గల్లీల ముక్కలు ఇడిచిపెట్టినోళ్లదే నేరం."

"ఒకవేళ డాక్టరు కట్టు వంకరగా కట్టుంటే?" ఆశగా అడిగాడు శ్రీహరిరావు.

"ఇరిగినంకనే గద సార్ కట్టు."

శారదమ్మ తన కోడలు పూజిత వైపు తిరిగింది. "ఎత్తమని నీకే చెప్తి గదనే."

"ఎత్తిన అత్తమ్మా. గంపకెత్తి అప్పుడే చెత్తకుండీల పోసొచ్చిన."

"మరి పొద్దుగాల నీ మొగడు దేని మీద జారిండు?"

రాజన్న కాగితం తీసి పూజిత పేరు రాయడం మొదలుపెట్టాడు.

"పోనీలెండి, చిన్నపిల్ల. మరచిపోయి ఉంటుంది" అన్నాడు శ్రీహరిరావు, ఎంతో పెద్దమనసుతో.

అప్పుడే అతని భార్య కమలకుమారి వంటింటి కిటికీలోంచి గల్లీ అంతా వినపడేలా కేకేసింది: "ఏమండీ, మన మీదా నలుగురూ ఏడుస్తున్నారని అందరికీ తెలియాలంటూ, వడియాలకని తెచ్చిన గుమ్మడికాయ కాస్తా అమావాస్య రాత్రి మన గడప ముందు గల్లీలో కొట్టేశారు, ఇంకోటి ఎప్పుడు తెస్తారు?"