కనకయ్య అండ్ సన్స్, మాయ సామాన్లు

పొద్దున్నే షటరెత్తి, నీళ్లు చల్లి, అగరొత్తి వెలిగించి ఓంకార్ ఫోన్ తీశాడు.

జగ్గయ్యపేట బజారులో అతని స్టీలు సామాన్ల కొట్టుకు మధ్యాహ్నం దాకా మనిషి రాడు. ఫోన్‌లోని గేమ్‌లో మాత్రం అతనికి ఇంకో కొట్టుంది.

ఆ గేమ్‌లో జనం తలా ఒక వేషం కడతారు. యోధులు, మంత్రగాళ్లు, దొంగలు. ఓంకార్‌ది షావుకారు వేషం. మంత్రదండాలు, మాయ కత్తులు, గాయాలు మాన్పే రసాలు కొంటాడు, అమ్ముతాడు.

కొట్టు పేరు 'కనకయ్య అండ్ సన్స్'. బజారు కొట్టుకు నాన్న పెట్టిన పేరది. ఆ బోర్డు ఎప్పుడో దించేశారు.

అగరొత్తి సగం కాలకముందే బాటసారి వచ్చాడు. గేమ్‌లో అదే అతని పేరు. ఎవరో, ఏ ఊరో తెలియదు. రోజూ మొదటి బేరం అతనిదే. ఒక సీసా రసం తీసుకుని, చెప్పిన ధర ఇచ్చి, కింద రాశాడు:

"బోణీ మీ చేత్తోనే కావాలండి. మీది మంచి చేయి."

ఓంకార్ ఆ మాట రెండుసార్లు చదువుకున్నాడు.

ఆ చేతి మీదే ఇల్లు విడిపోయింది. ఒకప్పుడు కొట్టు ఒకటే. ఓ రోజు నిండా జనం ఉండగా అన్న చంద్రమౌళి, "వాడి చేత బోణీ చేయించకండి. వాడి చేయి మంచిది కాదు" అన్నాడు. కొట్టు మధ్యలో గోడ లేచింది. మాట వెనక్కి తీసుకోవడం కంటే ఇటుకలు చవక. అప్పటినుంచి ఎవరి షటరు వాళ్లదే. మాటల్లేవు.

ఆ మధ్యాహ్నం, గేమ్‌లో తోడుండే నందిగామ స్టీవెన్ ఫోన్ చేశాడు. ఇంకొక్క పెద్ద బేరం పడితే గేమ్‌లోని సంతలో 'పెద్ద షావుకారు' బిరుదు ఓంకార్‌దేనట.

"నీ కొట్లో అమ్ముడుపోక పడున్న ఆ శాపపు ఉంగరం బాటసారికి అంటగట్టన్నా. అడిగేవాడు కాదు, ఒట్టి వెర్రిబాగులోడు."

ఆ ఉంగరం పెట్టుకుంటే ఊడిరాదు. చేయి నల్లబడి సత్తువ పోతుంది. తెలిసినవాడెవడూ కొనడు.

చిన్నవాడిగా పుట్టి చిన్నవాడిగానే మిగిలిన ఓంకార్‌కు ఆ 'పెద్ద' అన్న మాట తియ్యగా తగిలింది. మర్నాడు బోణీకి, బలమిచ్చే ఉంగరమని చెప్పి దాన్నే ఇచ్చాడు.

బాటసారి పెట్టుకున్నాడు. చేయి నల్లబడింది. ఓంకార్ తిట్ల కోసం ఎదురుచూశాడు.

"బోణీ సరుకు తిరిగివ్వకూడదండి. ఉంచుకుంటా. మీ చేయి మంచిదే."

దెప్పుతున్నాడనుకున్నాడు ఓంకార్. చేతి మాటెత్తితే ఒళ్లు మండే మనిషి. బ్లాక్ నొక్కాడు. ఇక ఆ బాటసారికి ఈ కొట్టు కనిపించదు.

బిరుదు వచ్చింది. బోణీ మాత్రం ఫోన్‌లోనూ మధ్యాహ్నానికి జారింది.

ఆ వానాకాలంలోనే ఒక ఉదయం గోడ అవతల షటరు లేవలేదు. చంద్రమౌళిని విజయవాడ ఆసుపత్రికి తీసుకెళ్లారన్నారు. తిరిగొచ్చింది శవమే. ఓంకార్ వెళ్లాడు, జనంలో ఒకడిగా నిలబడ్డాడు, వచ్చేశాడు.

పెద్దకర్మ అయ్యాక అన్న కూతురు నీరజ, తండ్రి ఫోన్ పట్టుకుని కొట్టుకొచ్చింది.

"బాబాయ్, నాన్న ఫోన్‌లో ఏదో గేమ్ ఉంది. పొద్దున్నే షటరెత్తగానే దీంట్లో తలపెట్టేవాడు."

"మీ నాన్నా? గేమా?"

"ఊఁ. ఈమధ్య రోజూ ఒకటే గొడవ. 'కొట్టు కనిపించట్లేదమ్మా, ఎత్తేశాడేమో చూడు' అని. ఎవరి కొట్టో చెప్పలా. దీన్నెలా తీసెయ్యాలో చూడు బాబాయ్."

ఓంకార్ ఫోన్ అందుకుని గేమ్ తెరిచాడు.

సంతలో కనకయ్య అండ్ సన్స్ ఉండాల్సిన చోట ఖాళీ జాగా ఉంది. దాని ముందు, నల్లబడ్డ చేతికి ఉంగరంతో, బోణీ కోసం నిలబడి ఉన్నాడు బాటసారి.