తడవని కాగితం

“మెల్లగ కండ్లు మూసుకో అమ్మా. రుద్దొద్దు,” అంటూ డాక్టర్ రిజ్వానా కన్నీటి తడి కొలిచే రెండు సన్నని కాగితపు పట్టీలను నర్సింగమ్మ కింది రెప్పలకు తగిలించింది. పక్కనే నిలబడ్డ యాదమ్మ ఆమె చెయ్యి వదల్లేదు.

మహబూబ్‌నగర్‌లో కీళ్లవాతం చూసే డాక్టర్లు తక్కువ. దేవరకద్ర వైపు పల్లె నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చిన ఈ ఇద్దరికీ లోపలికి పిలుపు వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది.

కాసేపటికి డాక్టర్ పట్టీలు తీసి వెలుతురుకు పెట్టి చూసింది. మడత దగ్గర కాస్త చెమ్మ. మిగతా కాగితమంతా పొడిగానే ఉంది.

“ఎప్పటి నుంచి ఇట్ల?”

నర్సింగమ్మ జవాబు చెప్పబోయింది. నాలుక అంగిలికి అంటుకుపోయింది. నీళ్ల సీసా ఎత్తి గుటక వేసేలోగా యాదమ్మ అందుకుంది.

“మస్తు ఏండ్లాయె మేడం. పొద్దుగాల లేస్తే కండ్లల్ల ఇసుక వోసినట్టు ఉంటదంటది. జొన్నరొట్టె తింటే బుక్కబుక్కకు నీళ్లు తాగాలె, లేకుంటే గొంతుల దిగదు. పండ్లు పుచ్చి రాలవట్టినయి. చేతి ఏళ్లు ఉబ్బి ముడుచుకోవు. ఉల్లిగడ్డ కోస్తే నాకు కండ్లెంబడి కారతయి, గీమెకు కారవు.”

“ఎవరికీ చూపించలేదా?”

“సూపియ్యక ఏంది మేడం! కంటి డాక్టరు దుమ్ము వడ్డదన్నడు. పండ్ల డాక్టరు పండ్లు వీకిండు. కీళ్లకు ఇంకో దవాఖానల నొప్పి గోలీలిచ్చిన్రు. షుగరేమో అని రక్తం తీసి, అది లేదన్నరు. కన్ను ఒకరు, నోరు ఒకరు, ఏళ్లు ఒకరు సూశిన్రు. మనిషి ఒక్కతే గదా? అన్నీ ఒక్క రోగమే అయితే ఎట్ల అని నాకు అనుమానం.”

డాక్టర్ రాస్తున్న పెన్ను ఆపి ఆమె వైపు చూసింది.

“నా అనుమానం కూడా అదే.”

తర్వాత నర్సింగమ్మ చెవుల కింద, దవడల పక్కన తడిమింది. “ఇక్కడ అప్పుడప్పుడు వాస్తదా?”

నర్సింగమ్మ తలూపింది.

“ఇంకొకటి అడుగుత, ఏమనుకోకు. ఏడిస్తే కన్నీళ్లు వస్తయా?”

నర్సింగమ్మ తల వంచుకుంది. మాట బొంగురుగా, ఆగి ఆగి వచ్చింది.

“రావు మేడం. పోయినేడు ఆయన సచ్చిపోయిండు. పీనుగ కాడ అందరు ఏడ్చిన్రు. నా కంట్ల సుక్క రాలె. మొగడు సచ్చినా ఏడువని ఆడిది అన్నరు. ఆడిబిడ్డలైతే దినాలు కాంగనే పుట్టింటికి పొమ్మన్నరు. అక్కనే పోనియ్యలె.”

“ఎందుకు పోనిస్త?” యాదమ్మ గొంతు లేచింది. “గీమె ఏడ్చింది మేడం. పక్కనే కూసున్న నేను. ఒళ్లంత ఒణికింది, గొంతు పోయింది. కండ్లే తడ్వలె. అందరి ముందర గదే చెప్పిన. గీమె యాడికి పోదు, చేన్ల గీమె పాలు గీమెదే అన్న.”

“అక్కను పిచ్చిదన్నరు మేడం, నా కోసం,” అంది నర్సింగమ్మ.

డాక్టర్ రక్త పరీక్షలు రాసింది. కింది పెదవి లోపలి నుంచి గింజంత ముక్క తీసి పరీక్షకు పంపాలంది. ఆ మాట వినగానే నర్సింగమ్మ లేచి నిలబడింది.

“ఇడ్సిపెట్టక్కా. ఇంకెన్ని దవాఖానలు తిరుగుతవు? చేన్ల పత్తి ఏరుడున్నది.”

“పత్తి యాడికి పోదు. కూసో.”

నర్సింగమ్మ కూర్చుంది. పెదవికి మత్తు సూది వేస్తుంటే యాదమ్మ ఆమె తల పట్టుకుని, ఇంటి దగ్గర ఈనిన బర్రె ముచ్చట చెబుతూనే ఉంది.

రిపోర్టులు వచ్చాక ఇద్దరూ మళ్లీ వచ్చారు.

“దీని పేరు షోగ్రెన్,” అంది డాక్టర్. “ఒంట్లో మనల్ని కాపాడే శక్తి ఒకటుంటది అమ్మా. బయటి రోగాలతోని కొట్లాడేది అదే. నీ ఒంట్లో అది దారి తప్పింది. కన్నీళ్లు ఊరే గ్రంథులను, ఉమ్మి ఊరే గ్రంథులను పగోళ్లనుకొని దెబ్బ తీస్తున్నది. అందుకే కన్ను ఎండింది, నోరు ఎండింది. నోట్లో తడి లేకనే పండ్లు పుచ్చినయి. ఏళ్ల వాపు కూడా దాని పనే.”

“తక్కువైతదా మేడం?” యాదమ్మ అడిగింది.

“మొత్తం పోదు. అదుపులో పెట్టొచ్చు. గోలీలు ఆపొద్దు. కంట్లో చుక్కలు వేసుకుంటుండాలె. పండ్లు జాగ్రత్త. నేను రమ్మన్నప్పుడల్లా వచ్చి చూపించుకోవాలె.”

నర్సింగమ్మ ఇవేవీ విన్నట్టు లేదు.

“అయితే మేడం... నాకు మనసు లేక కాదా?”

“ఎవరన్నారు అట్ల?”

“అందరు. అనంగ అనంగ నేనూ గట్లనే అనుకున్న. ఆయన మీద నాకు పాయిరం లేదేమో, నేను రాయినేమో అని.”

డాక్టర్ కుర్చీ ముందుకు జరుపుకుంది. “నీ దుఃఖం నిజం అమ్మా. నీళ్లే ఊరలేదు.”

నర్సింగమ్మ రెండు చేతుల్లో ముఖం దాచుకుంది. భుజాలు అదిరాయి. లోపలి నుంచి పెద్ద ఏడుపు తన్నుకొచ్చింది. కళ్లు మాత్రం ఎర్రబడి, పొడిగానే ఉన్నాయి. యాదమ్మ ఆమె తలను తన కడుపుకు ఆనించుకుంది.

“ఏడువు. ఇగ ఎవరేమంటరో నేను సూస్త.”

డాక్టర్ రిజ్వానా వాళ్లిద్దరినీ చూస్తూ ఉండిపోయింది. భార్యను గేటు దగ్గర దింపి వెళ్లిపోయే భర్తలను ఆమె చూసింది. రెండోసారి తోడు రాని తోబుట్టువులనూ చూసింది. ఈమె మాత్రం చేని పనులు వదిలి, ఊరి మాటలు పడి, పేరు కూడా తెలియని రోగం వెంట పడి ఇంత దూరం వచ్చింది.

“ఇన్నేండ్ల రోగం ఇప్పుడైనా దొరికిందంటే నీ పట్టుదలే యాదమ్మా. సొంత అక్క అంటే నీ లెక్క ఉండాలె.”

యాదమ్మ కొంగుతో తన కళ్లు తుడుచుకుంది.

“సొంత అక్కను కాదు మేడం, సవతిని.”