ఆదివారం తప్పనివాడు

"పోయిన ఆదివారం పూజకు రాలేదు ఫాదర్. ఘోర పాపం," చర్చిలో పాపసంకీర్తనానికి మోకరించి, తప్పు ఒప్పుకుంటూ చెప్పాడు, హైటెక్ సిటీలో ఏ డెడ్‌లైనూ తప్పని బాలశౌరి.

"ఎందుకు రాలేదయ్యా?"

"మా ఆవిడకి డెంగీ అండి. పక్కనే కూర్చున్నా."

"రోగిని చూసుకుంటే పాపం కాదు. మన కతోలిక శ్రీసభే ఒప్పుకుంటుంది."

వారమంతా మోసిన పాపం చెల్లకపోవడం బాలశౌరికి చిన్నతనంగా తోచింది.

"ఇప్పుడెలా ఉంది?"

"ఇంకా లేవలేకపోతోందండి."

"దగ్గరెవరున్నారు?"

"ఎవరూ లేరు. ఇవాళ ఆదివారం కదండీ!"

"ఆహా, ఏం భక్తి! ఇదయ్యా పాపం. ప్రాయశ్చిత్తంగా ఇంటికెళ్లి జావ కాచివ్వు."

"పూజయ్యాకేగా?"

"ఇప్పుడే!"

పూజ గంట మోగుతుంటే బాలశౌరి బయటికొచ్చి భార్యకు ఫోన్ చేశాడు.

"ఏమన్నా తిన్నావా?"

అవతల ఆమె కంగారుపడింది. "పూజ టైములో ఫోనేంటండీ? మీకేమైనా అయిందా?"