నవ్వితే మూతపడే అర్జీ

సచివాలయం గుమ్మం మీది కెమెరా బయటికి వెళ్లేవాళ్ల ముఖం చూస్తుంది. నవ్వు కనిపిస్తే చాలు, పని జరిగిపోయిందని రాసుకుని అర్జీ మూసేస్తుంది. కుళాయికి నీళ్లు రావడం లేదని అసిరమ్మ పెట్టిన అర్జీ అలా మూడుసార్లు మూతపడింది. ఆమె చేసిన తప్పల్లా వెళ్తూ వెళ్తూ మర్యాదకు నవ్వి, "ఎల్లొస్తాను బాబూ" అనడమే.

నాలుగోసారి ఖాళీ బిందె ముందు పెట్టుకుని గుమ్మంలోనే చతికిలబడింది.

"కాస్త నవ్వండమ్మా, లేకపోతే నా మార్కులు పోతాయి," అన్నాడు గుమస్తా.

"నీళ్లొచ్చినాక నవ్వుతాను. అందాకా ఈ గుమ్మం దిగను."

వెనక వరసలో ఉన్నవాళ్లంతా ఒక్కొక్కరే ఆమె పక్కన కూర్చున్నారు. ఒక్క మూతీ విచ్చుకోలేదు. నవ్వు కోసం వెతికి వెతికి కెమెరా చివరికి గుమస్తా వైపు తిరిగింది.

అతనింట్లోనూ కుళాయి ఎండిపోయే ఉంది. అతనూ నవ్వలేదు.