చెంపదెబ్బ దగ్గర కలిసిన వాగు

"రెండు ఫోన్ల మధ్య నిలబడి చప్పట్లు కొట్టు, చాలు. నీతో మాటలు నాకొద్దు," అంది అక్క.

వాగు చప్పుడు రికార్డు చేయడానికి, ఎడమ చెవికి వినిపించేదానికో ఫోను, కుడి చెవికి వినిపించేదానికో ఫోను గట్టున దూరదూరంగా పెట్టి, గాలి రొద పడకుండా పాత మేజోళ్లు తొడిగింది. ఒకసారి చప్పట్లు కొడితే, ఇంటికెళ్లాక ఆ చప్పుడు దగ్గర రెండు రికార్డింగులనూ కలపొచ్చు.

"మేజోళ్లలో వాగును పట్టే బతుకైపోయింది," అన్నాడు తమ్ముడు.

"మైకులు నాకు చెప్పకుండా అమ్ముకుతిన్నదెవరు?"

"అమ్ముతా! నీ బాబు సొమ్మేం కాదుగా!" అన్నాడు, ఇద్దరి బాబూ ఒకడేనని మరిచిపోయి.

తమ్ముడి చెంప ఛెళ్లుమంది.

చెరో ఫోను దగ్గరికి పోయి, ఒకరికొకరు వీపు పెట్టి కూర్చున్నారు.

ఇంటికొచ్చి చూస్తే చప్పట్లే లేవు. తమ్ముడు పళ్లు కొరుకుతూ, తను తిన్న చెంపదెబ్బ చప్పుడు దగ్గరే రెండింటినీ కలిపి, హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నాడు.

ఎడమ చెవిలో తన గొణుగుడు: "దయ్యం! పీడ విరగడైపోతే బాగుణ్ణు."

అదే క్షణంలో కుడి చెవిలో, నీటి చప్పుడు చాటున, అక్క ఎక్కిళ్లు: "అడిగితే నేనే అమ్మి ఇచ్చేదాన్ని కదరా, వెధవా..."

పక్క గదిలోంచి అక్క కసిరింది. "కుదిరిందా, లేదా?"

"కుదర్లేదు. రేపు మళ్లీ వెళ్దాం, అక్కా. ఈసారి చప్పట్లు కొడతాను."