పళ్లపొడి అబ్బయ్య

ఓట్లయిన మర్నాడే, దొరవారిసత్రంలో మా వీధి అరుగు మీద తాము పెట్టిన రేడియోని పార్టీవాళ్లు తీసుకుపోయారు. మగ్దలీనమ్మవ్వ మాత్రం అంగడికెళ్లి మళ్లీ పళ్లపొడి డబ్బా కొనుక్కొచ్చింది.

"నోట్లో ఒక్క పన్ను లేదు గదవ్వా, ఎవరికి తోముతావు?" అని ఏడిపించాను.

"రేడియోలో సిలోను పాటల మధ్యలో ఆ అబ్బయ్య రోజూ కొనమని అడగతా ఉన్న్యాడు గదా. కొనకపోతే రావడం మానుకుంటాడేమోనని కొంటా ఉండా."

"మరి ఓటు?"

"రేడియో పెట్టినోళ్లకే ఏసినా. అయినా ఆ అబ్బయ్య ఎందుకు పొయినాడో."

ఆ సాయంత్రం ఆమె ఇంటి గోడ వెనక నిలబడి, గొంతు మార్చి, "శ్రోతలకు నమస్కారం" అన్నాను.

లోపల్నించి అవ్వ పిలిచింది.

"గోడెనకాల ఎందుకు తిమోతీ, లోపలికి రా. నీకు మాత్రం ఇంట్లో మాట్లాడేదానికి ఎవురుండారు?"